గోధుమలు మనకి, ట్యాంకులు వాళ్ళకి

మొదటి రోజు

నాన్న అమెరికా వచ్చి రెండు నెలలైంది. ఫ్రిస్కోలో మా వీధి చివరి పార్కు, ఆ పార్కులో తెలుగు తాతల బెంచీ, రాజకీయాలు, మోకాళ్ళ నొప్పులు అన్నీ మూడు వారాల్లోనే అయిపోయాయి. నయాగరా వెళ్దామంటే నీళ్ళు గోదావరిలో చూశానన్నారు. డిస్నీ అంటే నవ్వి ఊరుకున్నారు. చివరికి ఒక రాత్రి మజ్జిగన్నం తింటూ, "ఐసన్‌హోవర్ ఊరు ఇక్కడికి ఎంత దూరమమ్మా?" అన్నారు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు సైన్యంలో పనిచేసిన ఊరు. నాన్న మద్రాస్ రెజిమెంట్‌లో చేరి సుబేదార్‌గా రిటైరయ్యారు. పక్కింట్లో సినిమా హీరోల గురించి గొడవ పడుతుంటే మా ఇంట్లో జనరళ్ళ గురించి పడేవాళ్ళు. కాబట్టి ఆ ప్రశ్నకి నేను ఆశ్చర్యపోలేదు. రెండో ప్రపంచయుద్ధపు జనరల్, తర్వాత ఎనిమిదేళ్ళు అమెరికా అధ్యక్షుడు అయిన ఆ ఐసన్‌హోవర్‌తో నాన్నకి ఒక పాత లెక్క తేలాల్సి ఉందని మాత్రం అప్పటికి తెలీదు.

మా ఆయనకి ఆఫీసు, పిల్లలకి సమ్మర్ క్యాంపు, వాళ్ళకి అమ్మ కాపలా. జూన్ మూడో వారంలో పులిహోర, పెరుగు, ఆవకాయ సీసా వెనక సీటులో పెట్టుకుని నేనూ నాన్నా ఉదయం ఆరింటికి బయల్దేరాం. 

ఐసన్‌హోవర్ పెరిగింది కాన్సస్‌లోనే కానీ పుట్టింది మాకు గంట దూరంలో, డెనిసన్‌లో. 1890 అక్టోబర్ 14న. రైలు పట్టాల పక్కన తెల్లరంగు వేసిన రెండంతస్తుల చెక్క ఇల్లు. తండ్రి డేవిడ్ రైల్వేలో ఇంజన్లు తుడిచే పనికి వచ్చాడు. పిల్లవాడికి రెండేళ్ళు నిండకుండానే కుటుంబం కాన్సస్‌కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ పిల్లవాడికి ఈ ఊరు ఎంత గుర్తుందంటే, వెస్ట్‌పాయింట్ సైనిక కళాశాలలో చేరేటప్పుడు పుట్టిన ఊరు టైలర్ అని రాశాడు. రెండో ప్రపంచయుద్ధంలో పేరు మోగిపోయాక డెనిసన్‌లో ఒక బడి పంతులమ్మకి ఆ ఇంటి పసివాడు గుర్తొచ్చి ఉత్తరం రాస్తేగానీ విషయం తేలలేదు. "మా రికార్డులో అలా తప్పు రాస్తే జీతం ఆపేసేవాళ్ళు" అన్నారు నాన్న. పేరు కూడా మొదట డేవిడ్ డ్వైట్. తండ్రి పేరూ డేవిడే కావడంతో ఇంట్లో డ్వైట్ అని పిలిచి పిలిచి, చివరికి డ్వైట్ డేవిడ్ అయ్యాడు. ఊరంతా పిలిచింది ఐక్ అని.

ముప్పావుగంటలో అక్కడి పని అయిపోయింది. గెయిన్స్‌విల్ దగ్గర ఇంటర్‌స్టేట్ 35 ఎక్కి ఎర్రనది దాటాం. ఓక్లహామాలో ఎర్రమట్టి, గాలి, గాలి, ఇంకా గాలి.

దారిలో నీలం బోర్డు మీద ఐదు నక్షత్రాలు గుండ్రంగా పేర్చి ఉంటే నాన్న కారు ఆపమన్నారు. హైవే మీద అలా ఆపకూడదు నాన్నా అని చెప్పి, తర్వాతి రెస్ట్ ఏరియాలో ఆగి, పులిహోర విప్పుతూ ఆ కథ చెప్పాను. 1919లో అమెరికా సైన్యం ఎనభై చిల్లర బళ్ళతో వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ఒక కాన్వాయ్ నడిపింది. 3,251 మైళ్ళు, 62 రోజులు. గంటకి ఆరు మైళ్ళు చొప్పున. వంతెనలు విరిగాయి, బళ్ళు బురదలో కూరుకుపోయాయి. అందులో సరదాగా చేరిన యువ అధికారి ఐసన్‌హోవర్. ఆ తర్వాత పాతికేళ్ళకి జర్మనీలో హిట్లర్ వేయించిన పెద్ద రోడ్ల మీద తన సైన్యం దూసుకుపోవడం చూశాడు. ఆ రెండూ మనసులో ఉన్నాయి కాబట్టి 1956 జూన్ 29న హైవే చట్టం మీద సంతకం పెట్టాడు. 41,000 మైళ్ళు. నూటికి తొంభై పాళ్ళు కేంద్రం డబ్బు, పెట్రోలు మీద పన్నుతో. సంతకం పెట్టింది ఆస్పత్రి మంచం దగ్గర, పేగు ఆపరేషన్ నుంచి కోలుకుంటూ.

"ప్రతి ఐదు మైళ్ళలో ఒక మైలు తిన్నగా ఉంచారంట కదా, యుద్ధమొస్తే విమానాలు దిగడానికి?"

అది వాట్సాప్ చరిత్ర. ఆ చట్టంలో అలాంటి నియమం ఏదీ లేదు. చెప్తే నాన్న ముఖం చిన్నబోయింది. ఇప్పటికి ఎంతమందికి ఫార్వర్డ్ చేసి ఉంటారో.

రాత్రి విచిటాలో బస. మోటెల్ గదిలో ఫ్రిజ్ చప్పుడు చేసిందే గానీ చల్లబరచలేదు. తెల్లారేసరికి పెరుగు పుల్లగా అయిపోయింది.

రెండో రోజు

విచిటా నుంచి ఉత్తరంగా సలీనా, అక్కణ్ణించి ఇంటర్‌స్టేట్ 70 మీద తూర్పుగా కాస్త దూరం వెళ్తే ఆబిలీన్. గంటన్నర ప్రయాణం అనుకున్నది మూడు గంటలు పట్టింది, ఎందుకంటే గోధుమలు.

కాన్సస్‌లో జూన్ అంటే కోతల కాలం. రోడ్డుకి రెండు పక్కలా కంటికి ఆనినంత మేరా పండిన చేలు. గట్లు లేవు, కాలవలు లేవు, కొబ్బరిచెట్టు లేదు. అంత పొలం మధ్యలో ఒక్క మనిషి కనపడడు. ఒక మలుపు దగ్గర కోత మిషన్ నడుస్తోంది, వెనకాల పసుపుపచ్చ దుమ్ము. నాన్న ఆపమన్నారు. ఈసారి పల్లెదారిలో ఉన్నాం కాబట్టి ఆపాను. గట్టు లాంటి గడ్డి అంచున నిలబడి ఒక వెన్ను తుంచి, అరచేతిలో నలిపి, ఊక ఊది, గింజలు నోట్లో వేసుకున్నారు. ఎర్రటి గట్టి గింజలు. చాలాసేపు నమిలారు.

"ఇవేనేమో మేం బడిలో తిన్నది."

అరవైల్లో మాధవరం బడిలో మధ్యాహ్నం గోధుమనూక ఉప్మా పెట్టేవాళ్ళట. అమెరికా పాలపొడి కలిపిన పాలు. బస్తాల మీద కరచాలనం చేస్తున్న రెండు చేతుల బొమ్మ. ఆ ఖాళీ బస్తా దొరికితే పండగే, సంచీ కుట్టించుకునేవాళ్ళు. "ఉప్మాకి ఒక వాసన ఉండేదమ్మా. మంచి వాసన కాదు. కానీ పన్నెండింటికి ఆ వాసన కోసమే ఎదురుచూసేవాళ్ళం. మీ పెదనాన్న నాకన్నా పెద్ద తరగతి అయినా వరసలో నా ముందుకొచ్చి నిలబడేవాడు."

అప్పట్లో పెద్దవాళ్ళు పీఎల్ 480 గోధుమలు అనేవాళ్ళు. పీఎల్ 480 అంటే అమెరికా మిగులు ధాన్యాన్ని బయటి దేశాలకి పంపే చట్టం. దాని మీద 1954 జూలై 10న సంతకం చేసింది ఐసన్‌హోవరే. 1960 మేలో మన ఆహారమంత్రి ఎస్.కె. పాటిల్‌తో కలిసి ఇంకో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. నాలుగేళ్ళలో కోటీ అరవై లక్షల టన్నుల గోధుమలు, పది లక్షల టన్నుల బియ్యం. మనం డాలర్లు కట్టక్కర్లేదు, రూపాయలు చాలు. దీన్ని ధర్మం అనుకుంటే పొరపాటే. ఇక్కడి రైతులు పండించింది ఇక్కడ అమ్ముడుపోక గిడ్డంగులు నిండిపోయి ఉన్నాయి. వాళ్ళకి వదిలించుకోవాలి, మనకి కడుపు నిండాలి. ఏ ఊళ్ళో చూసినా రైలు పట్టాల పక్కన ఆకాశాన్ని అంటే తెల్లటి సిమెంటు గొట్టాలు వరసగా కనిపిస్తాయి. ధాన్యం గిడ్డంగులు. మన గోడౌన్‌ని నిలువుగా నిలబెట్టినట్టుంటాయి. ఆబిలీన్‌కి వచ్చామని చెప్పింది కూడా అవే.

ఊరు చిన్నది. ఒకప్పుడు టెక్సాస్ నుంచి పశువుల మందలు తోలుకొచ్చి రైలెక్కించిన చోటు. ఆ కౌబాయ్ రోజుల బొమ్మలు వీధుల్లో ఉన్నాయి, చూసీ చూడనట్టు వెళ్ళిపోయాం.

ఐసన్‌హోవర్ల ఇల్లు ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ మ్యూజియం, గ్రంథాలయం, సమాధి మందిరం తర్వాత కట్టారు. 1898లో ఈ ఇంటికి వచ్చారు. తల్లి ఐడా 1946లో పోయేదాకా ఇక్కడే ఉంది. ఏడుగురు మగపిల్లలు, ఒకడు పసిగుడ్డుగానే పోయాడు, మిగిలిన ఆరుగురూ ఈ చిన్న గదుల్లోనే. గైడు వెంట పదిమందిమి ఒకరి వెనక ఒకరు ఇరుక్కుంటూ తిరిగాం. ముందు గదిలో ఐడా పియానో ఉంది. తండ్రి పాలకేంద్రంలో పనిచేసేవాడు. ఐక్ కూడా అక్కడే రాత్రిపూట పనిచేసి అన్న ఎడ్గార్ చదువుకి డబ్బు పంపాడు.

గైడు చెప్పినవాటిలో రెండు నాకు బాగా పట్టుకున్నాయి. ఐక్‌కి పదేళ్ళప్పుడు, హాలోవీన్ రాత్రి అన్నలని బయటికి పంపి తనని చిన్నవాడివని ఆపేశారు. పెరట్లో ఆపిల్ చెట్టు మొద్దుని రెండు చేతులా నెత్తురు కారేలా గుద్దాడు. తండ్రి కొట్టి పడుకోబెట్టాడు. కాసేపయ్యాక తల్లి వచ్చి, పక్కన కూర్చుని, చేతులకి మందు రాసి కట్టుకట్టి, నగరాన్ని జయించినవాడికన్నా తన మనసుని జయించినవాడు గొప్పవాడని బైబిల్ మాట చెప్పింది. నా జీవితంలో అతి విలువైన క్షణాల్లో అదొకటని ముసలితనంలో ఆయనే రాసుకున్నాడు. ఆ కోపం మాత్రం చచ్చేదాకా పోలేదు. అణిచిపెట్టడం నేర్చుకున్నాడంతే.

రెండోది, ఆ తల్లి యుద్ధం పాపమని నమ్మే మతశాఖ మనిషి. 1911లో కొడుకు వెస్ట్‌పాయింట్‌కి బయల్దేరితే వద్దనలేదు. సాగనంపి, తన గదిలోకి వెళ్ళి ఏడ్చింది. అమ్మ ఏడవడం అదే మొదటిసారి వినడమని తమ్ముడు మిల్టన్ తర్వాత చెప్పాడు.

నాన్న గైడుని ఏమీ అడగలేదు. బయటికొచ్చాక మాత్రం, "మా అమ్మ స్టేషన్‌కే రాలేదు. పనుందంది" అన్నారు.

మూడో రోజు

పొద్దున్న మ్యూజియం తలుపు తీసేసరికి మేమే ముందు. టికెట్ దగ్గర కూర్చున్న పెద్దాయన నాన్న నిలబడే తీరు చూసి, సైన్యంలో చేశారా అని అడిగాడు. నాన్న అవునన్నారు. "థ్యాంక్యూ ఫర్ యువర్ సర్వీస్" అని చెయ్యి కలిపాడు. లోపలికి నడుస్తూ నాన్న, "ఏ సైన్యమో అడగలేదేంటి?" అన్నారు.

ఐసన్‌హోవర్ సైనిక జీవితంలో నాన్నకి బాగా నచ్చింది యుద్ధం కాదు, ప్రమోషన్ రాకపోవడం. మొదటి ప్రపంచయుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర ట్యాంకు దళానికి శిక్షణ ఇస్తూ ఉండిపోయాడు. ఫ్రాన్స్‌కి వెళ్ళే ఉత్తర్వు నవంబర్ 18కి వచ్చింది, యుద్ధం 11నే ఆగిపోయింది. తర్వాత పదహారేళ్ళు మేజర్‌గానే. ఫిలిప్పీన్స్‌లో మెకార్థర్ కింద నాలుగేళ్ళు. 1941 మొదట్లో లెఫ్టినెంట్ కల్నల్. 1944 డిసెంబర్‌కి ఐదు నక్షత్రాల జనరల్. "పదహారేళ్ళు ఒకే ర్యాంకులో ఉన్నవాడికి ఓర్పు ఉంటుందమ్మా. ఓర్పున్నవాడే అంతమంది మొండివాళ్ళని ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టగలడు." నిజమే. మిత్రదేశాల జనరళ్ళు మోంట్‌గొమరీ, ప్యాటన్, నాయకులు డిగాల్, చర్చిల్. ఇందులో ఏ ఒక్కరితో వేగినా చాలు, మనిషికి బీపీ వస్తుంది.

యుద్ధకాలంలో వాడిన క్యాడిలాక్ స్టాఫ్ కారు దగ్గర నాన్న నాతో నాలుగు ఫొటోలు తీయించుకున్నారు. కానీ నేను ఎక్కువసేపు ఆగింది ఒక చిన్న కాగితం ముందు.

1944 జూన్ 5. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం, నార్మండీ మీద దాడి ఆ రోజే జరగాల్సింది, వాతావరణం బాగోక ఒకరోజు వాయిదా పడింది. మరునాడు కాస్త తెరిపి ఇస్తుందని వాతావరణ అధికారి స్టాగ్ చెప్పిన మాట మీద ఐసన్‌హోవర్ సరే అన్నాడు. దాదాపు లక్షా యాభై ఆరువేల మంది సముద్రం దాటాలి. ఆ సాయంత్రం 101వ ఎయిర్‌బోర్న్ పారాట్రూపర్ల దగ్గరికి వెళ్ళి, ముఖాలకి నల్లరంగు పూసుకున్న కుర్రాళ్ళతో కబుర్లు చెప్పాడు. దాడి విఫలమైతే లోకానికి చెప్పాల్సిన నాలుగు మాటలు ముందే రాసి పర్సులో పెట్టుకున్నాడు. తేదీ కూడా తప్పుగా, జూలై 5 అని వేశాడు. ఆ చీటీలో ఒక కొట్టివేత ఉంది. మొదట "దళాలు వెనక్కి రప్పించబడ్డాయి" అన్నట్టు రాసి, కొట్టేసి, "నేను దళాలను వెనక్కి రప్పించాను" అని మార్చాడు. చివర్లో, తప్పంటూ ఉంటే అది నా ఒక్కడిదే అని.

నేను ఆఫీసులో రోజూ రాసే మెయిళ్ళు గుర్తొచ్చాయి. పొరపాటు జరిగినది, ఆలస్యం అయినది, ఫైలు తొలగించబడినది. చేసినవాడు ఎక్కడా కనపడడు. నాన్నకి ఆ చీటీ చదివి చెప్తే ఆయన ఒకటికి రెండుసార్లు అడిగారు, "కొట్టేసి మళ్ళీ రాశాడా? చేత్తోనా?"

యుద్ధం అయిపోయాక సైన్యాధిపతి, కొలంబియా విశ్వవిద్యాలయం అధ్యక్షుడు, నాటో తొలి సేనాధిపతి. 1952లో రెండు పార్టీల వాళ్ళూ మా వాడివే అని వెంటపడితే రిపబ్లికన్ టికెట్ మీద గెలిచాడు. కొరియా వెళ్తానని మాటిచ్చి, వెళ్ళి, 1953 జూలై 27న కాల్పుల విరమణ కుదిర్చాడు. 1954లో వియత్నాంలో దియన్‌బియన్‌ఫు దగ్గర ఫ్రెంచివాళ్ళు మునిగిపోతూ పిలిస్తే దిగలేదు. 1956లో ఈజిప్టులో సూయజ్ కాలువ మీదికి వెళ్ళిన బ్రిటన్, ఫ్రాన్స్‌లని, పాత మిత్రులని కూడా చూడకుండా, వెనక్కి తగ్గేలా చేశాడు. ఇవన్నీ మ్యూజియంలో బాగానే చెప్తారు. ఇరాన్‌లో ప్రధాని మొసద్దెక్‌ని, గ్వాటెమాలాలో అధ్యక్షుడు అర్బెంజ్‌ని ఆయన హయాంలో సీఐఏ కూలదోసింది కూడా అదే మనిషి లెక్కలోకి వస్తుంది. సైనికుల్ని పంపడం ఇష్టంలేనివాడికి గూఢచారుల్ని పంపడం తేలికనిపించిందేమో. అణుబాంబులు కూడా, ఆయన వచ్చేనాటికి వెయ్యి దగ్గర ఉన్నవి దిగిపోయేనాటికి పద్దెనిమిది వేలు దాటాయి.

అధ్యక్షుడి గదుల్లో తిరుగుతుండగా నాన్న ఆగి, "పాకిస్తాన్ ఎక్కడుందమ్మా ఇందులో?" అన్నారు.

అప్పుడు బయటపడింది పాత లెక్క. వరసలో ముందుకొచ్చి ఉప్మా తినే మా పెదనాన్న పద్దెనిమిది నిండగానే సైన్యంలో చేరి, 1965 సెప్టెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు పంజాబ్ సరిహద్దులో ఖేమ్‌కరణ్ వైపు ఉన్నారు. ఎదురుగా వచ్చినవి అమెరికా ప్యాటన్ ట్యాంకులు. 1954 మే 19న అమెరికా పాకిస్తాన్‌తో సైనిక సాయం ఒప్పందం చేసుకుంది. ఆ ఆయుధాలు మీ మీదికి రావు, వస్తే ఊరుకోనని అంతకుముందే ఫిబ్రవరిలో ఐసన్‌హోవర్ నెహ్రూకి ఉత్తరం రాశాడు. పదకొండేళ్ళకి అవి వచ్చాయి. అసల్ ఉత్తర్ దగ్గర చెరకు తోటలకి నీళ్ళు పెట్టి నేలని బురద చేసి మనవాళ్ళు వాటిని దిగబడేలా చేశారు. మన హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన తుపాకీతో వరసగా ట్యాంకుల్ని పేల్చి, అక్కడే చనిపోయాడు. మొత్తం వందకి దగ్గరగా ట్యాంకులు పోయాయి. చిక్కినవాటిని భిఖివిండ్ దగ్గర వరసగా నిలబెడితే ఆ చోటికి ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది. పెదనాన్న తిరిగొచ్చారు, కుడిచెవి వినపడకుండా.

నేను ఫోన్‌లో తేదీలు చూసి లెక్కేశాను. మే 19న ట్యాంకుల కాగితం, జూలై 10న గోధుమల కాగితం. మధ్యలో 52 రోజులు. రెండూ ఒకే ప్రభుత్వం నుంచి.

"గోధుమలు మనకి, ట్యాంకులు వాళ్ళకి" అన్నారు నాన్న. "మీ పెదనాన్న ఆయన పెట్టిన ఉప్మా తిని, ఆయన ఇచ్చిన ట్యాంకు మీదికే వెళ్ళాడు."

1959 డిసెంబర్‌లో ఐసన్‌హోవర్ ఢిల్లీ వచ్చాడు. మన దేశానికి వచ్చిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే. ప్రపంచ వ్యవసాయ ప్రదర్శన ప్రారంభించాడు, రామ్‌లీలా మైదానంలో జనం పోటెత్తారు. ఇది చెప్పి నాన్నని కాస్త మెత్తబరచాలని చూశాను. "వచ్చాడు, సరే" అన్నారు.

సమాధి మందిరం బయట నుంచి చిన్న రాతి చర్చిలా ఉంటుంది. లోపల ఎండ రంగుటద్దాల గుండా నేల మీద పడుతోంది. మూడు సమాధులు. ఆయనది, భార్య మేమీది, మూడేళ్ళకే స్కార్లెట్ జ్వరంతో 1921లో పోయిన మొదటి కొడుకుది. ముద్దుగా ఇకీ అని పిలిచేవాళ్ళు. నా జీవితంలో అతి పెద్ద దెబ్బ అదేనని ఆయన రాసుకున్నాడు, అంత యుద్ధం చేసినవాడు. ఇకీ పుట్టింది సెప్టెంబర్ 24. ఐసన్‌హోవర్‌కి 1955లో గుండెపోటు వచ్చింది సెప్టెంబర్ 24న. నల్లపిల్లల్ని బడికి చేర్చడానికి లిటిల్‌రాక్‌కి సైన్యాన్ని పంపింది 1957 సెప్టెంబర్ 24న. దీనికి అర్థమేం లేదు. కానీ ఒకసారి కంటబడ్డాక మర్చిపోవడం కష్టం.

1969 మార్చి 28న పోతే, శవాన్ని రైల్లో ఇక్కడికి తెచ్చారు. మామూలు సిపాయికి ఇచ్చే 80 డాలర్ల పెట్టెలోనే పెట్టి పూడ్చారు, ఆయన కోరిక ప్రకారం. నాన్న సెల్యూట్ కొడతారని కెమెరా పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. కొట్టలేదు. పిల్లవాడి రాయి దగ్గర ఆగి, చెప్పులు సర్దుకుని, బయటికొచ్చేశారు.

బయట చెట్టు కింద బెంచీ మీద కూర్చుని 1953 ఏప్రిల్ 16న ఆయన చేసిన ప్రసంగం ఫోన్‌లో తీసి, తెలుగు చేసి చెప్పాను. అధ్యక్షుడై మూడు నెలలు, స్టాలిన్ పోయి ఆరువారాలు. తయారైన ప్రతి తుపాకీ, నీళ్ళలోకి దించిన ప్రతి యుద్ధనౌక ఆకలితో ఉన్నవాళ్ళ దగ్గర చేసిన దొంగతనమే అన్నాడు. ఒక్క యుద్ధవిమానానికి మనం ఐదు లక్షల బుషెళ్ళ గోధుమలు చెల్లిస్తున్నాం అన్నాడు.

"బుషెల్ అంటే ఎంత?"

ఇరవై ఏడు కిలోల పైచిలుకు. నాన్న జేబులోంచి పెన్ను తీసి మ్యూజియం కాగితం వెనక గుణించడం మొదలుపెట్టారు. కోటీ ముప్పై ఆరు లక్షల కిలోలు. డెబ్భై ఐదు కిలోల బస్తా చొప్పున లక్షా ఎనభై వేల బస్తాలు. మా వైపు ఎకరానికి ముప్పై బస్తాలు వేసుకుంటే ఆరువేల ఎకరాల పంట.

"ఆరువేల ఎకరాలు" అని మళ్ళీ అన్నారు. "తెలిసే ఇచ్చాడన్నమాట ట్యాంకులు."

దానికి నా దగ్గర జవాబు లేదు. 1961 జనవరి 17న దిగిపోతూ టీవీలో మాట్లాడుతూ, సైన్యమూ ఆయుధాల కంపెనీలూ చేతులు కలిపితే దేశానికి ప్రమాదమని హెచ్చరించాడు కదా అన్నాను. ఎనిమిదేళ్ళు కుర్చీలో ఉండి వెళ్ళేముందు చెప్పాడా అన్నారు. వాదనలో సుబేదార్లతో గెలవలేం.

నాలుగో రోజు

దారి తప్ప ఏమీ లేదు. విచిటా, టల్సా, ఫోర్ట్‌స్మిత్, లిటిల్‌రాక్. ఎనిమిది గంటలు దాటింది. ఆర్కన్సా దగ్గరపడేకొద్దీ కొండలూ పచ్చదనమూ వస్తే నాన్న ప్రాణం లేచొచ్చింది. పుల్లబడ్డ పెరుగుతో చేసిన మజ్జిగ అద్భుతంగా ఉంది. ఆవకాయ సీసా ఖాళీ.

ఐదో రోజు

లిటిల్‌రాక్ సెంట్రల్ హైస్కూలు చూస్తే బడి అనిపించదు, కోట అనిపిస్తుంది. ఇప్పటికీ బడే. సెలవులు కాబట్టి నిశ్శబ్దంగా ఉంది. ఎదురుగా మూల మీద 1957 నాటి పెట్రోల్ బంకుని అలాగే ఉంచారు. విలేకరులు వార్తలు చెప్పడానికి పరుగెత్తుకొచ్చిన ఫోను అక్కడే ఉండేది.

తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేర్వేరు బడులు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1957 సెప్టెంబర్‌లో తొమ్మిదిమంది నల్లపిల్లలు ఈ బడికి వస్తే గవర్నర్ ఫాబస్ రాష్ట్ర సైన్యాన్ని పెట్టి ఆపేశాడు. సెప్టెంబర్ 4న పదిహేనేళ్ళ ఎలిజబెత్ ఎక్‌ఫోర్డ్ ఒంటరిగా వచ్చింది. అందరూ కలిసి వెళ్దామన్న కబురు ఆ అమ్మాయికి అందలేదు, ఇంట్లో ఫోన్ లేదు. తనే కుట్టుకున్న గౌను వేసుకుని, గుంపు వెనకాల అరుస్తుంటే, ఈ పక్కనున్న బస్‌స్టాప్ బెంచీ దాకా నడిచి కూర్చుంది. ఆ చోట ఇప్పుడు అలాంటిదే ఒక బెంచీ పెట్టారు. నేనూ నాన్నా దాని మీద కూర్చున్నాం. అప్పటికే ఎండ కాల్చేస్తోంది.

ఐసన్‌హోవర్ ఈ విషయంలో ఉత్సాహవంతుడేమీ కాదు. కోర్టు తీర్పు సరైనదని నోరు తెరిచి ఒక్కసారీ అనలేదు. ఫాబస్‌ని పిలిచి నచ్చజెప్పబోయాడు. మూడువారాలు తాత్సారం చేశాడు. చివరికి 24న సైన్యాన్ని పంపినప్పుడు మాత్రం అరకొరగా పంపలేదు. దాదాపు వెయ్యిమంది, 101వ ఎయిర్‌బోర్న్. నార్మండీకి ముందురోజు సాయంత్రం తను వెళ్ళి కబుర్లు చెప్పిన అదే డివిజన్. మరునాడు పొద్దున్న తొమ్మిదిమంది పిల్లలు ఆ మెట్లు ఎక్కారు.

బడి లోపల మాత్రం తోపులాటలు, తిట్లు, సూప్ మీద పోయడాలు ఏడాదంతా సాగాయి. 1958 మేలో ఎర్నెస్ట్ గ్రీన్ పట్టా తీసుకుంటుంటే మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి కూర్చున్నాడు. మరుసటి ఏడాది గవర్నర్ ఊళ్ళో హైస్కూళ్ళన్నీ మూసేశాడు.

నాన్న బెంచీ మీంచి బడి మెట్లకేసి చూస్తూ అడిగారు. "ఒక్కో పిల్లకి ఒక్కో జవాను తోడా?"

లోపల తరగతి గది దాకా ఒక్కొక్కరి వెంట ఒక్కో సైనికుడు వెళ్ళేవాడని చెప్పాను.

"నాకు అలాంటి డ్యూటీ ఎప్పుడూ పడలేదు" అన్నారు. పడి ఉంటే బాగుండేదన్నారో, పడనందుకు బతికిపోయానన్నారో, ఆ గొంతుని బట్టి నాకు తెలియలేదు.

మధ్యాహ్నం ఇంటర్‌స్టేట్ 30 ఎక్కాం. టెక్సర్కానా దగ్గర కాఫీకి ఆగితే నాన్న ఫోన్ తీసి మాధవరం మిలటరీ మిత్రుల గ్రూపులో క్యాడిలాక్ ముందు ఫొటో పెట్టారు. ఇండియాలో అప్పటికి అర్ధరాత్రి దాటింది, అయినా ఒకాయన మేలుకునే ఉన్నాడు. "65లో ట్యాంకులిచ్చింది ఈయనేగా?" అని వెంటనే జవాబొచ్చింది.

నాన్న టైప్ చేయడం మొదలుపెట్టారు. చాలాసేపు చేశారు. చెరిపేశారు. మళ్ళీ మొదలుపెట్టారు. కాఫీ చల్లారిపోయింది. చివరికి అంతా తీసేసి, రెండోరోజు తీసిన గోధుమచేను ఫొటో, కోత మిషన్, దాని వెనక దుమ్ము, అదొక్కటే పంపి ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

డాలస్ దీపాలు కనపడేసరికి జేబులో చప్పుడైంది. కళ్ళజోడు కారు సీటు సందులో ఎక్కడో పడిపోయిందని నన్ను చదవమన్నారు.

"ఉప్మా వాసన వచ్చిందిరా."